కోర్టులో గాలి

క్లబ్బు మళ్ళీ తెరుద్దామని అందరూ అన్నారు. తెరిచాక ఎవరికైనా ఏమైనా అయితే పూచీ ఎవరిదన్న మాట వచ్చేసరికి మాత్రం వరండాలో కూర్చున్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకోవడానికి మాస్కుల పైన కళ్ళు తప్ప మొహాలు కూడా లేవు. కళ్ళజోళ్ళ షాపు నడిపే ప్రెసిడెంటు గారు తన అద్దాల మీద పట్టిన ఆవిరి తుడుచుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"పిల్లి మెడలో గంట కట్టాలంటే మన వదినే కట్టాలి. మందుల షాపులో నిలబడి ఈ జబ్బును రోజూ కౌంటరుకు అవతల చూస్తున్న మనిషి. ఆవిడ చెప్పినట్టు నడుచుకుందాం. సరేనా?"

"నేను చెబితే వింటారా?" అని అడిగింది ఆమె.

"వింటాం," అన్నారందరూ, బడిపిల్లల్లా.

వినరని ఆమెకు అప్పుడే తెలుసు. అయినా ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి కారణం ఇంట్లో ఉంది.

ఆ బ్యాడ్మింటన్ క్లబ్బులో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. ఆమె భర్త ఏళ్ళ తరబడి కెప్టెన్, అందరికీ అన్న. అన్న భార్య కాబట్టి వదిన. ఒక్క ఆమె తమ్ముడికే అక్క. ఆ తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బావా బామ్మర్దులిద్దరూ కలిసి డబుల్స్ ఆడితే చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళకు తలప్రాణం తోకకు వచ్చేది. బావ నెట్టు దగ్గర నిలబడి చిన్నగా తట్టేవాడు, అవతలివాళ్ళు కిందా మీదా పడి ఎత్తిన షటిల్‌ను వెనక నుంచి బామ్మర్ది ఎగిరి కొట్టేవాడు.

జబ్బు వచ్చిన కొత్తలోనే అది ఆమె భర్తను పట్టుకుంది. దూరప్రయాణపు బస్సు డ్రైవరు. ఏ ప్రయాణికుడి దగ్గర అంటిందో చెప్పేవారు లేరు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఇంటికొచ్చాడు. "ఊపిరితిత్తులు ఇంకా కోలుకోవాలి. మెల్లగా ఆడుకోవచ్చు, ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. మళ్ళీ సోకిందంటే మాత్రం నేను మీకు ఏ మాటా ఇవ్వలేను," అంది డాక్టరమ్మ. ఆ చివరి మాట ఆమె చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఆయన చెవికి మాత్రం "ఆడుకోవచ్చు" అన్న ముక్క ఒక్కటే ఎక్కింది.

బస్సులు ఇంకా సరిగా తిరగడం లేదు. మనిషికి పని లేదు. హాల్లో నిలబడి షటిల్‌ను ర్యాకెట్టు మీద ఎగరేస్తూ గంటలు గడిపేవాడు. టప్, టప్, టప్. ఆమె వంట చేస్తున్నా అదే చప్పుడు, బట్టలు ఆరేస్తున్నా అదే చప్పుడు. చప్పుడు ఆగితే ఇంకా భయం. ఆయాసంతో కూర్చుండిపోయాడేమోనని తడి చేతులతోనే తొంగి చూసేది.

"బతికే ఉన్నానే," అనేవాడు ఆయన, తలెత్తకుండా.

ఈ మనిషిని ఇంట్లో కట్టేయడం బ్రహ్మతరం కాదు. ఎలాగూ వెళ్ళేవాడే కాబట్టి, వెళ్ళే చోటునే బాగుచేయాలనుకుంది. అందుకే ఆ గంట మెడకు తగిలించుకుంది.

హాలు చూడటానికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. నాలుగు కోర్టులు పట్టే పెద్ద హాలు. రెండు వైపులా ఎత్తులో వరసగా కిటికీలు ఉన్నాయి గానీ, అవి తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. చిన్న గాలి తగిలినా షటిల్ పక్కకు కొట్టుకుపోతుంది. అందుకని ఎన్నడో మూసి, వెలుతురు కళ్ళలో పడకుండా అద్దాలకు నల్లరంగు పూసి, రెక్కలకు కూడా ఆ రంగే పులిమేశారు.

"ఇవన్నీ తీయాల్రా," అంది.

తమ్ముడు పైకి చూశాడు. ఆమె వంక చూశాడు. "అక్కా, నువ్వు తెరుస్తున్నది క్లబ్బునా, తూర్పారబట్టే కళ్ళాన్నా?"

"ఆడేటప్పుడు మాస్కు ఉంచుకోలేరు కదా. ఎగిరి దూకే మనుషులు, రొప్పుతూ ఆడతారు. ఆ ఊపిరంతా ఎక్కడికి పోతుంది? సబ్బూ శానిటైజరూ చేతులకే గానీ గాలికి కాదుగా."

వాడు గొణుక్కుంటూనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సుత్తి, నూనె డబ్బా, పెచ్చులు గీకే పలకతో రెండు రోజులు కుస్తీ పట్టి ఒక్కొక్క రెక్కనూ కదిలించాడు. కిటికీలు తీయడానికి, మూయడానికి ఇనుప కొక్కెమున్న పొడుగాటి కర్ర ఒకటి తయారుచేసి అక్క చేతికిచ్చాడు. "ఇదిగో, రాజదండం," అన్నాడు.

క్లబ్బు తెరిచిన మొదటి వారం ఆమె ఒక చోట కుదురుగా నిలబడిన క్షణం లేదు. పొద్దున్నే గుమ్మం దగ్గర నుదుటికి థర్మామీటరు పెట్టి చూసేది. ఒక కోర్టులో నలుగురు తప్ప అయిదో మనిషి కనిపిస్తే బయటికి పంపేది. బట్టలు మార్చుకునే గదికి తాళం వేసింది. బెంచీలు ఆరుబయట వేయించింది. ఎవరి నీళ్ళ సీసా వాళ్ళదే, ఎవరి తువ్వాలు వాళ్ళదే. గెలిచినా ఓడినా చేతులు కలపడం లేదు, దూరం నుంచి తలూపడమే. గొంతు గరగర అన్నా ఇంట్లో ఉండిపోవాలి. ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా మిగతావాళ్ళు కూడా రాకూడదు. కూతురికి జలుబు చేసిందని నోరు జారినందుకు సాక్షాత్తూ ప్రెసిడెంటు గారినే గేటు దగ్గర నుంచి వెనక్కి పంపింది.

అది అయ్యాక షాపుకు పరుగెత్తేది. దగ్గు మందు అడిగినవాళ్ళ దగ్గు వింటూ చిల్లర తప్పు ఇచ్చేది. సాయంత్రం మళ్ళీ క్లబ్బు. ఇంటికొచ్చాక చెప్పుల్లోంచి కాళ్ళు తీసినా ప్రాణం మాత్రం కిటికీల దగ్గరే వేలాడుతుండేది.

ఆటగాళ్ళు నవ్వుతూనే సణిగేవారు. "వదినా, నేను ఇక్కడ సర్వ్ చేస్తే పక్క కోర్టువాళ్ళు తీసుకుంటున్నారు." "ఇది షటిలా, గాలిపటమా?" ఆమె కర్ర భుజాన వేసుకుని, "దారం కట్టుకుని ఆడండి," అనేసేది. ఆమె భర్త మాత్రం ఏమీ అనేవాడు కాదు. కాసేపు ఆడి, బయట బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ మళ్ళీ కట్టుకుంటూ ఉండేవాడు. మనిషి సర్దుకున్నాడనుకుంది.

ఇంతలో రైలు గేటు అవతలి క్లబ్బువాళ్ళు స్నేహపూర్వకంగా ఒక మ్యాచ్ ఆడదామని కబురు పెట్టారు. ఆదివారం, ఇక్కడే. ఆ మాట విన్న దగ్గర నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. ర్యాకెట్టుకు కొత్త తీగలు అల్లించాడు. గ్రిప్పు చుట్టాడు, నచ్చక విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

శనివారం సాయంత్రం షాపులో జనం ఎక్కువై ఆమెకు ఆలస్యమైంది. క్లబ్బు గేటు దగ్గరికి వచ్చేసరికే ఏదో తేడా కనిపించింది. రోజూ రోడ్డు మీదికి వినిపించే షటిల్ చప్పుళ్ళు ఎక్కడో పెట్టెలోంచి వస్తున్నట్టున్నాయి. లోపలికి అడుగుపెడితే వేడి గాలి మొహాన కొట్టింది. చెమట వాసన. నాలుగు కోర్టులూ నిండుగా ఉన్నాయి. ఒక వైపు కిటికీలు మొత్తం మూసేశారు, రెండో వైపు సగం.

"ఆపండి!"

షటిళ్ళు ఎక్కడివక్కడ రాలిపోయాయి.

"ఎవరు మూశారు?"

ఒకరిద్దరు వంగి నేల మీది షటిళ్ళు ఏరడం మొదలుపెట్టారు. ఆఖరికి తమ్ముడు ముందుకొచ్చాడు. "నేనేనక్కా. రేపు మ్యాచ్ కదా, ఒక్క గంట..."

"ఒక్క గంటా? జబ్బు గంట చూసుకుని వస్తుందట్రా? నిచ్చెనెక్కి తీసినవాడివి నువ్వే, మూసినవాడివీ నువ్వేనా? వింటామని తలూపారు కదరా అందరూ! ఇంట్లో ముసలివాళ్ళు లేరా మీకు? పిల్లలు లేరా?" ఆమె అరిచిన అరుపుకు గోడలు ప్రతిధ్వనించాయి. గొంతు చీలి మాట రాకుండా పోయేదాకా అరిచింది. అందరినీ బయటికి తోలి, కర్రతో ఒక్కొక్క కిటికీనీ తానే తీసింది. ఆమె భర్త నెట్టు పక్కన నిలబడి ర్యాకెట్టు గ్రిప్పునే చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఆయన మెల్లగా అన్నాడు: "వాణ్ణి ఏమీ అనకు. మూయమన్నది నేనే."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మీరా?"

"నేనే."

"ఎవరి కోసం ఇదంతా చేస్తున్నాననుకుంటున్నారు? మీకు భయం లేదా?"

"లేకేం." కంచంలోకి చూస్తూనే చెప్పాడు. "గాలి ఉంటే షటిల్ ఎటు పోతుందో తెలీడం లేదు. దాని వెనక పరిగెత్తాల్సి వస్తోంది. నాలుగు అడుగులు పరిగెత్తితే ఊపిరి అందడం లేదే. గాలి లేకపోతే నిలబడ్డ చోట నుంచే ఆడేస్తాను, ఎవరికీ తెలీదు."

బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పి కట్టుకోవడమంతా ఊపిరి కూడదీసుకోవడమేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. గొంతు ఎలాగూ లేదు. "డాక్టరుకు చెప్పారా?" అంది గుసగుసగా.

"చెబితే ఆడొద్దంటుంది."

మర్నాడు పొద్దున లేచేసరికి ఆమె గొంతులో గరగర.

ఉప్పునీళ్ళు పుక్కిలించింది. పోలేదు. వేడినీళ్ళు తాగింది. పోలేదు. అద్దం ముందు నోరు తెరిచి టార్చి వేసి చూసుకుంది. ఎర్రగా ఉందో, టార్చి వెలుగో తేలలేదు. నిన్నటి అరుపులేనని ఒక మనసు. షాపులో నిన్న మాస్కు కిందికి లాగి మరీ దగ్గిన మనిషి గుర్తొచ్చి రెండో మనసు. జ్వరం చూసుకుంటే లేదు. పక్క గదిలో ఆయన ఈలవేస్తున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఈలవేయగా వినడం అదే మొదటిసారి.

చెప్పకపోతే ఏం? తను దూరంగా నిలబడుతుంది, మాస్కు తీయదు. తను వెళ్ళకపోతే ఆ కిటికీలు మూసేస్తారు, అది ఖాయం. ఆ వాదన ఆమెకు చాలా నచ్చింది. కాఫీ కాస్తూ దాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. కానీ దుమ్ముకు తుమ్మానని ఎంత మొత్తుకున్నా వినకుండా మొన్న తను వెనక్కి పంపిన కుర్రాడి మొహం పాలగిన్నెలో తేలినట్టయింది.

హాల్లోకి వెళ్ళేసరికి ఆయన ఒక బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకున్నాడు.

"నా గొంతు బాగోలేదండీ."

"నిన్న అంత అరిస్తే ఎవరి గొంతు మాత్రం బాగుంటుంది?"

"అదే కావచ్చు. కాకపోవచ్చు కూడా."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "సరే, నువ్వు ఉండిపో. నేను వెళ్తా."

"ఇంట్లో ఒకరికి బాగోలేకపోతే..."

"ఆ రూలు పెట్టింది నువ్వే కదా."

"ప్రెసిడెంటు గారిని వెనక్కి పంపిందీ నేనే."

ఆయన చేతిలోని బూటు వంక చూశాడు. విసిరేస్తాడేమో అనుకుంది. విసరలేదు. కాలికున్నది కూడా విప్పి, రెండూ జతగా గోడ పక్కన పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. విసిరేసినా బాగుండేది.

ఆమె తమ్ముడికి ఫోను చేసింది.

"ఇవాళా, అక్కా?" అన్నాడు వాడు. "బావ ఏమంటున్నాడు?"

"తలుపు వేసుకున్నాడు. ఒరే, ఆ కిటికీలు..."

వాడు ఫోను పెట్టేశాడు.

ఆస్పత్రికి వెళ్ళి పరీక్షకు ముక్కులోంచి నమూనా ఇచ్చి నేరుగా ఇంటికొచ్చింది. ఇక ఆ పగలు గడవలేదు. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. రెండుసార్లు చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది. రోడ్డవతల నుంచి ఒక్కసారి ఆ కిటికీల వైపు చూసొస్తే చాలనిపించింది.

"ఎక్కడికి?" అని తలుపు వెనక నుంచి గొంతు.

"ఎక్కడికీ లేదు," అని వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక తమ్ముడు వచ్చి గేటు బయటే, రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది.

"ఓడిపోయాం," అని అరిచాడు.

"ఎవరితో ఆడావు?"

"ప్రెసిడెంటు గారితో. ఆయన మాస్కు తీయనంటే తీయనన్నాడు. కళ్ళజోడుకు ఆవిరి పట్టి షటిల్ అనుకుని నా భుజం మీద బాదాడు. చూడు, ఎలా వాచిందో."

"కిటికీలు?"

"అడగవేమో అనుకున్నా. అన్నీ బార్లా తీసే ఉన్నాయి. అవతలివాళ్ళు మూయమని గొడవ చేశారు. మూస్తే మా అక్క ఇంట్లో నుంచి అరుస్తుంది, ఇక్కడి దాకా వినిపిస్తుందన్నా."

వెనక గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. "స్కోరెంతరా?" అన్నాడు ఆయన.

తమ్ముడు చెప్పాడు. తలుపు మళ్ళీ మూసుకుంది.

మర్నాడు ఫలితం వచ్చింది. ఆమెకు జబ్బేమీ లేదు.

"అయితే అరుపే అన్నమాట," అన్నాడు ఆయన. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పోట్లాడి ఉంటే ఆమె కూడా పోట్లాడేది. క్లబ్బులో అప్పటికే వదినకు అరుపుల జ్వరం వచ్చిందని చెప్పుకుని నవ్వుకుంటున్నారట. ఆ సాయంత్రం ఆమె ప్రెసిడెంటు గారికి ఫోను చేసి, ఈ గంట మరొకరికి కట్టుకోండి, నా వల్ల కాదని చెప్పేసింది. "తొందరపడకమ్మా," అంటున్నాడాయన. ఆమె వినలేదు.

బుధవారం నాడు అవతలి క్లబ్బు నుంచి కబురు వచ్చింది. మ్యాచ్‌లో బావ చోట నిలబడిన తమ్ముడికి ఎదురుగా నెట్టు దగ్గర ఆడిన మనిషికి జబ్బు తేలింది. ఆదివారం పొద్దుటి నుంచే తలనొప్పిగా ఉందట. ఆట పోతుందని ఎవరికీ చెప్పలేదట.

క్లబ్బు మూసేశారు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళంతా ఎవరిళ్ళలో వాళ్ళు విడిగా ఉండిపోయారు. ఇక ఏ ఫోను మోగినా ఆమె చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. పరీక్షల్లో ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. ప్రెసిడెంటు గారికి లేదు. పక్క కోర్టుల్లోవాళ్ళకు లేదు. తమ్ముడికి ఉంది.

వాడు అద్దెకున్న గదికి రెండు పూటలా వంట చేసి తీసుకెళ్ళి, గుమ్మంలో పెట్టి, మెట్ల దాకా వెనక్కి వచ్చి నిలబడేది. వాడు తలుపు సందులోంచి చేయి చాచి డబ్బా తీసుకునేవాడు. జ్వరం, ఒళ్ళునొప్పులు, ఊపిరి మాత్రం బాగానే ఉంది. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెట్టించి అంకె గట్టిగా చదివించుకుంటే గానీ కదిలేది కాదు.

"కిటికీలన్నీ తీసే ఉంచా కదక్కా, నాకే ఎందుకు వచ్చింది?" అన్నాడు ఒకరోజు తలుపు వెనక నుంచి.

"నాకు తెలీదురా."

డబ్బా మూత తీస్తూ, "ఆట అయ్యాక బయట ఫోటో దిగాం. భుజాల మీద చేతులేసుకుని. మాస్కులు తీసి," అన్నాడు.

"బయట కదా అనుకున్నావు."

"ఆ. తిట్టు."

"నాకు గొంతు లేదు, తర్వాత తిడతా," అంది. వాడు నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చి స్నానం చేసి బయటికి వచ్చేసరికి ఆయన వంటింట్లో ఉన్నాడు. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి; ఎందుకు పెట్టాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"వాడికెలా ఉంది?"

"తగ్గుతోంది."

"ఆ నెట్టు దగ్గర నేనుండాల్సింది," అన్నాడు.

ఆమె ఆయన మొహం చూసి స్టవ్ ఆపింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఆయాసం సంగతి చెప్పాలి," అన్నాడు ఆయన. "నువ్వూ లోపలికి రా. నేను తక్కువ చేసి చెబితే నువ్వు సరిదిద్దు."

డాక్టరమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టింది. మందు మార్చింది, ఊపిరి కసరత్తులు నేర్పింది, కొన్నాళ్ళు నడక తప్ప మరేమీ వద్దంది. ఆయన రోజూ పొద్దున వీధి చివరిదాకా నడవడం మొదలుపెట్టాడు. మొదట్లో మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ఆగినప్పుడల్లా ఫోను చూసుకుంటున్నట్టు నటించేవాడు. కొన్నాళ్ళకు నటించడం మానేసి, ఆగితే ఆగాననే చెప్పేవాడు.

క్లబ్బు మళ్ళీ తెరిచే ముందు ప్రెసిడెంటు గారు మళ్ళీ బాధ్యత తీసుకోమంటూ స్వయంగా షాపుకు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆమె తనొక్కతే మోయననీ, రోజుకొకరు చొప్పున అందరూ గుమ్మం దగ్గర నిలబడాలనీ, తను ఎప్పుడు చెబితే అప్పుడు హాలు ఖాళీ చేయాలనీ షరతులు పెట్టింది. ఆయన అన్నిటికీ తలూపి, వెళ్తూ వెళ్తూ, చలికాలంలో మాత్రం కిటికీలు కాస్త ఓరగా వేసుకోవచ్చా అని అడిగాడు. స్వెట్టర్లు వేసుకోమంది.

బావా బామ్మర్దులు మళ్ళీ ఒక కోర్టులో అడుగుపెట్టేసరికి నిజంగానే చలి మొదలైంది. ఒకరికి డాక్టరమ్మ కాసేపే ఆడమని చెప్పింది. రెండోవాడు జ్వరం నుంచి లేచి ఇంకా నీరసంగానే ఉన్నాడు. నెట్టుకు అటొకరు, ఇటొకరు నిలబడి మెల్లగా కొట్టుకుంటున్నారు. గాలికి షటిల్ గీత మీద పడీ పడనట్టు పడింది. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతున్నారు.

"అవుటు," అన్నాడు తమ్ముడు.

"లోపలే. కళ్ళు ప్రెసిడెంటు గారి షాపులో చూపించుకో."

"బావా, నీకు ఊపిరి లేదు గానీ అబద్ధాలకు కొదవలేదు."

"చాలు, ఇద్దరూ కూర్చోండి," అంది ఆమె.

ఇద్దరూ కూర్చోలేదు. ఆమె ఆయన రొప్పు తగ్గేదాకా చూసింది, తగ్గాక కూడా ఇంకాసేపు చూసింది. షాపు తెరిచే వేళ దాటిపోతోంది. ఆ రోజు గుమ్మం దగ్గర కాపలా వంతు వచ్చిన తుమ్ముల కుర్రాడికి థర్మామీటరు అప్పగించి బయటికి నడిచింది. గేటు దాటాక కూడా ఆ ఒక్క పాయింటు కోసం ఇద్దరూ వాదించుకోవడం రోడ్డు మీదికి వినిపిస్తూనే ఉంది.